అందించిన మాట

"ఆ ఫోను ఆపుతావా, నన్ను ఇల్లు వదిలి పొమ్మంటావా?" అంది లీలాకుమారి వంటింట్లోంచి.

జెనీఫర్ ఆపలేదు. ఊరందరూ చూసేసిన వీడియోని కన్నకూతురు చూడకుండా కళ్ళు మూసుకుంటే ఎవరికి లాభం? తను పాఠాలు చెప్పే మైత్రీవనం కోచింగ్ సెంటర్లో పిల్లలు పొద్దున్నే ఒకరికొకరు పంపుకున్నారు. "మేడమ్, ఈ సార్ మీ ఫాదరే కదా" అని ఒకమ్మాయి జాలిపడుతూ మెసేజ్ కూడా పెట్టింది. జాలిపడేవాళ్ళంటే జెనీఫర్‌కి మొదటినుంచీ ఒళ్ళుమంట. అందుకే క్లాసులకి సెలవు పెట్టి, ఎస్.ఆర్. నగర్‌లో తన ఇంటినుంచి తిన్నగా అమీర్‌పేటకి, అమ్మానాన్నల దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఫోన్లో జ్ఞానరాజు దర్జాగా ఉన్నాడు. ఈ హాల్లోనే, ఈ షీల్డుల బీరువా ముందే, కాలు మీద కాలు వేసుకుని. నాటకాల్లో హీరో వేషాలు వేసి, సినిమాల్లో జడ్జీగా, హీరోయిన్ తండ్రిగా తల నెరిపించుకుని, ఇప్పుడు టీవీ సీరియల్లో తాతగారిగా ఇంటింటికీ చుట్టమైన మొహం అది. ఆయన కథ ఆయన నోటితోనే చెప్పించాలని మంజూష అనే యూట్యూబ్ అమ్మాయి కెమెరా పట్టుకుని వచ్చింది.

"మీ మొదటి నాటకం ఎక్కడ వేశారు సార్?"

జ్ఞానరాజు నవ్వాడు. నోరు తెరవబోయాడు. ఆ కాస్త ఖాళీలో ఒక ఆడగొంతు, సన్నగా, స్పష్టంగా వినపడింది. "ఏలూరు. ఏలూరనండి."

"ఏలూరులో అమ్మా," అన్నాడు జ్ఞానరాజు.

కిందంతా జనం రాతలు. పాపం, పెద్దాయనకి ఏమీ గుర్తులేదు. ఆంటీ లేకపోతే అంకుల్ జీరో. ఇన్నాళ్ళూ గుట్టుగా ఉన్న సంసారం ఇలా రచ్చకెక్కింది.

తప్పు ఎవరిదని వెతకబోతే నవ్వాలో ఏడవాలో తెలియదు. పెళ్ళయిన నాటినుంచి లీలాకుమారి మొగుడి నాటకాలకి ప్రాంప్టరు. తెర పక్కన చీకట్లో నిలబడి, ఆయన మాట కోసం తడుముకున్నప్పుడల్లా తరవాతి మాట అందించేది. ఆ గొంతు ఆయన చెవికి చేరేది, మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకి చేరేది కాదు. అదే కొలతతో మొన్న కెమెరా వెనక కూర్చుని కూడా అందించింది. ఆయన కాలరుకి వేరుశనగ గింజంత మైకు గుచ్చి ఉందన్న సంగతి నాటకాల మనిషికి తట్టలేదు.

"నా ప్రాంప్టింగు మొదటి వరసకి వినపడిందని ఇంతవరకు ఎవరూ అనలేదు," అంది లీలాకుమారి, అట్లకాడతో గుమ్మంలోకి వచ్చి. "ఒంగోలు పరిషత్తు పోటీల్లో జడ్జీలు స్టేజీని ఆనుకుని కూర్చున్నారు. వాళ్ళకే వినపడలేదు."

"జడ్జీలు నాన్న కాలరు మీద కూర్చోలేదు కదమ్మా."

"ఎటకారం చాలు. పెద్దదాన్ని."

జ్ఞానరాజు భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వడు. కాలరు మడత సరిగ్గా లేకపోతే వేషం సగం చచ్చిపోతుందంటాడు.

"మర్చిపోయింది నేను," అన్నాడు తల ఎత్తకుండా. "మధ్యలో మీరిద్దరూ కొట్టుకోవడం దేనికి?"

నిజానికి జెనీఫర్ కోపం ఏలూరు గురించి కాదు. వీడియోలో ఆ తరవాత ఇంకొకటి వస్తుంది. దాన్ని పుండు గోక్కున్నట్టు మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూసింది.

"పిల్లలెంతమంది సార్?"

"ఒక్కతే కూతురమ్మా."

"పేరు?"

అక్కడ కింద సందులో ఆటో హారను గట్టిగా మోగింది. అది ఆగేసరికి జ్ఞానరాజు చిరునవ్వుతో చెప్పాడు. "సుమశ్రీ."

సుమశ్రీ అనే పిల్ల ఈ ఇంట్లో ఎప్పుడూ పుట్టలేదు. 'మూడో గంట' అని వీళ్ళు ఊరూరా ఆడిన నాటకంలో పాప పేరది. ఆ వేషానికి ఏ ఊరికావూరు ఒక పిల్లని పట్టుకొచ్చేవాళ్ళు. ఆ పిల్లని భుజాన వేసుకుని జ్ఞానరాజు 'సుమశ్రీ, తల్లీ' అంటే హాలంతా కన్నీళ్ళు పెట్టుకునేది. తెర పక్కన అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్న చిన్న జెనీఫర్ కూడా ఏడ్చేది. మా నాన్న వేరే పిల్లని ఎందుకు ఎత్తుకున్నాడని ఆ పిల్ల ఏడుపు. ఇన్నేళ్ళ తరవాత ఆ పేరే వచ్చి తన పేరు మీద కూర్చుంటే మనసు చివుక్కుమంది. కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

"నా పేరేంటి నాన్నా?" అంది.

ఇస్త్రీపెట్టె ఆగింది. జ్ఞానరాజు ముందు వంటింటి గుమ్మం వైపు చూశాడు, తరవాత కూతురి వైపు.

"జెనీఫర్. మీ నాయనమ్మ పెట్టింది. ఆ రోజేదో నోరు జారింది, వదిలెయ్యమ్మా."

"ఒక్క నోరేనా జారింది?" అంది లీలాకుమారి. గొంతులో కోపం పోయి దిగులు వచ్చింది. "నువ్వు రోజూ వచ్చి పది నిమిషాలు కూర్చుని పోతావు, నీకేం తెలుసు జెన్నీ. మొన్న పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయారు. గిన్నె బొగ్గయిపోయింది. బీరువా తాళాలు బియ్యం డబ్బాలో దొరికాయి. ఏవండీ ఇదేంటంటే, 'నేనే లీలా, నేనే పెట్టాను' అంటారు చిన్నపిల్లాడిలా."

జ్ఞానరాజు చొక్కా తిరగేసి ఇస్త్రీ మొదలుపెట్టాడు.

"నేను ఉన్నన్నాళ్ళూ ఫరవాలేదు," అంది లీలాకుమారి కళ్ళు తుడుచుకుని. "ఒక్క మాట కూడా పోనివ్వను. సాయంత్రం డాక్టరు కృష్ణమోహన్ గారి దగ్గరికి మాత్రం తీసుకుపోదాం. నువ్వు రాకపోయినా నేను తీసుకుపోతాను."

ఇంతలో కాలింగ్ బెల్లు మోగింది.

వచ్చినవాడు దినేశ్, సీరియల్ ప్రొడక్షన్ మేనేజరు. చేతిలో హెల్మెట్టు, మొహం నిండా మొహమాటం. కూర్చోమంటే సోఫా అంచున కూర్చున్నాడు.

"ఏమనుకోకుండ్రి సార్. డైరెక్టర్ సార్ ఆ వీడియో చూసిండు. సెట్ల అందరు చూసిండ్రు. తాతగారిని కాశీకి పంపిద్దామని కథ రాస్తుండ్రు."

"నన్ను కాశీకా?" అన్నాడు జ్ఞానరాజు. "ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్ళనివాణ్ణయ్యా."

"మీరు కాదు సార్, క్యారెక్టర్."

"పోయి మళ్ళీ వస్తాడా?"

దినేశ్ హెల్మెట్టు అటూ ఇటూ తిప్పాడు. "సీరియల్ల కాశీకి పోయినోళ్ళు ఎవ్వరు సుత వాపస్ రాలే సార్."

షూటింగు లేని రోజు జ్ఞానరాజుకి అన్నం సయించదు. పొద్దున్నే కారు వచ్చి సందు మొదట్లో ఆగితే చాలు, మెట్లు కుర్రాడిలా దిగుతాడు. ఆ కారు ఇంక రాదంటే ఈ మనిషి ఏమైపోతాడు?

"ఒక్క అవకాశం ఇప్పించు దినేశ్. ఆయన చెప్పలేకపోతే అప్పుడు మీ ఇష్టం."

"గందుకే సీన్ పేపర్ తెచ్చిన అక్కా. సార్ ఒకసారి చూసుకొని, పేపర్ లేకుండ చెప్తే చాలు. ఫోన్ల రికార్డ్ చేసి డైరెక్టర్ సార్‌కు పంపిస్త. నాకు సుత సార్ ఉండాలెనే ఉన్నది." వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "గని మేడమ్ పక్కన కూసుంటే మంచిగుండదు."

లీలాకుమారి మొహం ముడుచుకుపోయింది. అయినా ఆ కాగితం తీసుకుని, ఎప్పటిలా మొగుడి ఎదురుగా నిలబడి పైకి చదివి వినిపించింది. జ్ఞానరాజు మాటలు కంటితో నేర్చుకోడు, చెవితో నేర్చుకుంటాడు. ఆవిడ గొంతులో ఒక్కసారి వింటే చాలు. చదవడం అయ్యాక కాగితం దినేశ్‌కి ఇచ్చేసి లోపలికి వెళ్ళిపోయింది. వంటింటి కర్టెను పడింది.

దినేశ్ ఫోను పైకెత్తాడు. జ్ఞానరాజు కుర్చీలోంచి లేచాడు. లేవడంతోనే నడుం వంగింది, ఒక భుజం కిందికి జారింది, ఆ ఇంట్లో ఇంతవరకు లేని ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు.

"ఈ ఇల్లు నేను కట్టలేదురా. మీ నానమ్మ కట్టింది. నేను ఇటుకలు మోశానంతే."

ఫోను పట్టుకున్న దినేశ్ చెయ్యి కదలడం మానేసింది. ఏమీ పోలేదు, దేవుడి దయవల్ల ఏమీ పోలేదు అనుకుంది జెనీఫర్.

జ్ఞానరాజు ఆగాడు. అది ఆయన ఎప్పుడూ తీసుకునే విరామమే. గోడ మీద చెయ్యి వేసి ఇంటిని ఒకసారి తడిమి చూసుకుని, తరవాతి మాటకి నోరు తెరిచాడు. అంతలో ఆయన తల కొంచెం వంటింటి వైపు వాలింది. తెరిచిన నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచాడు.

"సుమశ్రీ," అన్నాడు. "తల్లీ, తలుపు తియ్యి."

దినేశ్ ఫోను కిందికి దించాడు.

"సుమశ్రీ ఎవరు సార్?" అన్నాడు. "మన సీరియల్ల గా పేరు లేదు."

జ్ఞానరాజు నడుం నిటారుగా చేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. "అంతేనయ్యా. పంపించేయండి కాశీకి."

"నాన్నా, ఇంకోసారి చెప్పు. ఇంతకుముందు బాగా చెప్పావు కదా," అంది జెనీఫర్.

"వద్దమ్మా."

"ఎందుకొద్దు? పోయేది నీ వేషం. నీకు చీమ కుట్టినట్టయినా లేదేంటి?"

"వద్దన్నాను కదా," అన్నాడు. జెనీఫర్ దినేశ్‌ని సాగనంపడానికి లేచింది.

దినేశ్ గుమ్మం దాకా వచ్చి చెప్పులు వేసుకుంటూ చిన్నగా అన్నాడు. "అక్కా, నేను గీ వీడియో పంపియ్య. సార్‌కు జ్వరముండె అని చెప్పి రెండు రోజులు ఆపుత. గంతల జర డాక్టర్‌కు చూపించుండ్రి. ఫికర్ చేయకుండ్రి." మంచివాడు. మంచివాళ్ళు కూడా ఫికర్ చేయొద్దంటూనే ఉన్న ఫికర్‌ని రెట్టింపు చేసి పోతారు.

లోపలికి వచ్చేసరికి లీలాకుమారి మొగుడి ముందు నీళ్ళగ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"నేను అందించాను కాబట్టి ఆ మాత్రమైనా చెప్పారు," అంది కూతురితో, రహస్యంగా, గర్వంగా. "లేకపోతే నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయేవారు. నీకు వినపడలేదు కదా?"

"లేదమ్మా," అంది జెనీఫర్. వినపడని మాట నిజమే. అమ్మ ఏం అందించిందో అడగాలని ఆ క్షణంలో ఆమెకి తోచలేదు. ఎవరికైనా తోచదు. ఇంట్లో ఒక మనిషిది రోగం అని అందరూ తేల్చుకున్నాక, రెండో మనిషి వైపు ఎవరు చూస్తారు?

సాయంత్రానికి ముసురు పట్టింది. అమీర్‌పేట మెట్రో కింద నీళ్ళు నిలిచి బళ్ళు కదలడం లేదు. ఆటోలో నాన్న ఒక పక్క, తను ఒక పక్క, మధ్యలో అమ్మ. ఇస్త్రీ చొక్కా తడవకుండా జ్ఞానరాజు లోపలికి ఒదిగి కూర్చున్నాడు. పంజగుట్ట దాకా మాటాడకుండా పోవడం ఆయన వల్ల కాలేదు.

"తెనాలిలో ఏమైందో తెలుసా జెన్నీ? మీ అమ్మ చేతిలో రెండు కాయితాలు అంటుకుపోయాయి. చూసుకోలేదు. ఆఖరి అంకంలో మాట ముందే అందించేసింది. నేను అదే అనేశాను. ఎదురుగా హీరోయిన్ వేషంలో కుసుమకుమారి. నాటకంలో ఆవిడ ఇంకా చచ్చిపోలేదు. నేనేమో 'నీ శవం మీద ఒట్టు' అంటున్నాను."

లీలాకుమారి పగలబడి నవ్వింది. "పాపం ఆవిడ నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది, ఇంక చేసేదేముంది, అక్కడే కుప్పకూలింది. మంచి మనిషి."

"ప్రైజు కూడా ఇచ్చారు," అన్నాడు జ్ఞానరాజు. "నాటకం చకచకా నడిచిందని."

"తప్పని తెలిసి ఎందుకన్నావు?" అంది జెనీఫర్. ఆమెకి నవ్వు రాలేదు. పాతవన్నీ ఇంత చక్కగా గుర్తుంటాయి, నిన్నటివే పోతాయి, ఈ జబ్బు లక్షణమే అదని పొద్దున ఎక్కడో చదివింది.

"ప్రాంప్టరు ఇచ్చిన మాట కాదనకూడదమ్మా. కాదని నిలబడితే చూసేవాళ్ళ కళ్ళన్నీ తెర పక్కకి పోతాయి. చీకట్లో నిలబడి మనల్ని కాసే మనిషిని పదిమంది ముందుకు ఈడ్చినట్టు. మన పరువుదేముంది, ఇంకో ఊళ్ళో ఇంకో నాటకంలో దిద్దుకుంటాం."

"అది మాత్రం నిజం," అంది లీలాకుమారి. "నా మాట ఎప్పుడూ కాదనలేదు." ఆయన చేతి మీద చెయ్యి వేసి, తరవాత బయట వాన చూస్తూ కూర్చుంది.

పంజగుట్టలో డాక్టరు కృష్ణమోహన్ గారి క్లినిక్కు ఒక చెప్పుల కొట్టు పైన. ఈ ఇంట్లో అందరి జ్వరాలూ తెలిసిన డాక్టరు. కన్సల్టింగు గదికి తలుపు ఉంది గాని వానకి ఉబ్బి ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. అందుకని పచ్చ కర్టెను వేలాడదీశారు.

"ఏంటి రాజుగారూ, మీ గురించి ఊరంతా మాట్లాడుకుంటోంది," అన్నారాయన తేలిగ్గా. జెనీఫర్ ముందే ఫోన్లో అంతా చెప్పింది. "చిన్న చిన్నవి అడుగుతాను, తోచింది చెప్పండి. ఇది ఏ నెల?"

జ్ఞానరాజు తడిసిన గొడుగు వైపు చూశాడు. జవాబు ఆలస్యమైంది.

"డిసెంబరండీ," అన్నాడు.

బయట జూలై వాన కురుస్తోంది. డాక్టరు గారు కాగితం మీద ఏదో గీసుకున్నారు. "ఇవాళ ఏ వారం?"

"ఆదివారం."

"ఆదివారం నేను క్లినిక్కు తియ్యను కదండీ. సరే. ఇప్పుడు మీరు ఏ పేటలో ఉంటున్నారు?"

ఈసారి జెనీఫర్ నాన్నని చూడలేకపోయింది. ఆయన ఓడిపోతుంటే చూడటం కష్టంగా ఉంది. చూపు పక్కకి తిప్పుకుంది. పక్కన అమ్మ. అమ్మ కళ్ళు తిన్నగా గోడ మీది క్యాలెండరు వైపు ఉన్నాయి. పెదవులు కదిలీ కదలనట్టు కదిలాయి.

"ఎర్రగడ్డండీ," అన్నాడు నాన్న.

ముందు అమ్మ పెదవులు. తరవాత నాన్న గొంతు.

ఎర్రగడ్డలో వాళ్ళు జెనీఫర్ పుట్టినప్పుడు ఉన్నారు. జెనీఫర్‌కి పొద్దున వంటింటి వైపు వాలిన తల గుర్తొచ్చింది. అప్పుడు ఆయన నోరు ముందే తెరుచుకుని ఉంది. అమ్మ అందించకముందే మాట ఆయన దగ్గర ఉంది.

డాక్టరు గారు పెన్ను కింద పెట్టారు. ఆయన కూడా చూశారు. "అమ్మా లీలగారూ, బయట మా సిస్టరు మీ బీపీ చూస్తుంది. ఒక్క అయిదు నిమిషాలు కూర్చుంటారా?"

"నేను లేకపోతే ఆయన చెప్పలేరండీ."

"తెలుసమ్మా. చెప్పలేకపోతే పిలుస్తాను."

లీలాకుమారి అయిష్టంగా లేచింది. మొగుడి భుజం తట్టి, "భయపడకండి, ఇక్కడే ఉంటాను," అంది. పచ్చ కర్టెను ఊగి ఆగింది.

"ఇప్పుడు చెప్పండి," అన్నారు డాక్టరు గారు.

జ్ఞానరాజు కాసేపు తన చేతులు చూసుకున్నాడు. తరవాత ప్రశ్నలు మళ్ళీ అడిగించుకోకుండానే మొదలుపెట్టాడు, గొంతు బాగా తగ్గించి.

"ఇది జూలై. ఇవాళ గురువారం. మేముండేది అమీర్‌పేటలో. నా మొదటి నాటకం ఏలూరులో కాదు, బాపట్లలో. క్రిస్మస్‌కి, చర్చి ఆవరణలో. గొర్రెలకాపరి వేషం. గొర్రెపిల్ల నిజందే, నా మీద ఒంటికి పోసింది. దినేశ్ తెచ్చిన కాయితంలో తరవాతి మాట, 'ఇల్లు అమ్మితే అమ్ముకోండి, ఆ గుమ్మం మాత్రం నాతో పంపండి.' ఇంకేమైనా అడుగుతారా?"

డాక్టరు గారు జెనీఫర్ వైపు చూశారు. అడగాల్సింది జెనీఫర్.

"పాలగిన్నె?" అంది.

"అది అడక్కు."

"తాళాలు?"

"అడగొద్దన్నానా."

"నా పేరు నాన్నా. వీడియోలో నా పేరు?"

జ్ఞానరాజు కూతురి కళ్ళలోకి చూడలేదు. "హారను మోగింది కాబట్టి ఎవరికీ వినపడలేదు," అన్నాడు. "నాకు వినపడింది."

కన్నతల్లికి తన పేరు దొరకలేదన్న మాట. ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో జెనీఫర్‌కి వెంటనే తెలియలేదు. ముందు కోపమే వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు? ఊరంతా నిన్ను పిచ్చివాణ్ణి చేసి నవ్వుతుంటే, వేషం పోతుంటే, నోరు మూసుకుని కూర్చుంటావా? నేను పరాయిదాన్నా?"

"నీకు తెలిస్తే నీ మొహంలో కనపడిపోతుంది. నీకు నటన రాదమ్మా, నీది మీ నాయనమ్మ మొహం. మీ అమ్మేమో జీవితమంతా మొహాలు చూసి బతికింది." ఆయన డాక్టరు వైపు తిరిగి చేతులు జోడించాడు. "మీరు నాకొక్క సాయం చెయ్యండి. జబ్బు నాకే అని చెప్పండి. మందులు నా పేరున రాయండి. నాకు తోడుగా నువ్వూ మింగు లీలా అంటే ఆవిడ మింగుతుంది. నన్ను కాపాడుతున్నాననుకుంటోందండీ. ఆ ఒక్క పనీ ఆవిడ చేతిలోంచి లాగెయ్యకండి."

"అలా రాయకూడదు రాజుగారూ."

"సీరియల్ పోతే పోయింది. మీరు రాయండి."

"పరీక్షలు చెయ్యాలి. ఆవిడకి చెయ్యాలి, మీకు కాదు. ఆలస్యమైన కొద్దీ చేతిలోంచి జారిపోతుంది." ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. "కనీసం ఇది చెప్పండి. ఎప్పటినుంచి ఇలా ఉంది?"

జ్ఞానరాజు నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇంతసేపూ తడుముకోకుండా చెప్పిన మనిషి ఈ ఒక్క ప్రశ్నకి గుటకలు మింగుతున్నాడు. జవాబు తెలియక కాదు. చెబితే ఇంక అది నిజమైపోతుంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. జెనీఫర్ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఈస్టరు నుంచి. ఈస్టరు నుంచనండి."

చాలా సన్నటి గొంతు. బల్లకి అవతల ఉన్న డాక్టరు గారికి వినపడలేదు. ఆయన ఇంకా జ్ఞానరాజు మొహంలోకే చూస్తున్నారు.

"ఈస్టరు నుంచండీ," అన్నాడు జ్ఞానరాజు, ఎప్పటి అలవాటు ప్రకారం.

అనేశాక ఆయన చెయ్యి కూతురి చేతిలో బిగుసుకుపోయింది. జెనీఫర్ మెల్లగా తల తిప్పింది. పచ్చ కర్టెను కింద అమ్మ చెప్పులు కనపడుతున్నాయి.